విప్పని పెట్టెకు ధర ఎలా వచ్చింది

కొన్న బొమ్మ ఇల్లు చేరేసరికే పాతదైపోతుంది. చక్రం ఊడుతుంది, రంగు వెలుస్తుంది, పిల్లవాడు పెద్దవాడవుతాడు, బొమ్మ అటకెక్కుతుంది. పాత బొమ్మను కొన్నదానికన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని మన ఇళ్లలో ఎవరికీ తోచదు. కానీ 2003లో అమెరికా దుకాణాల్లో వంద డాలర్లకు అమ్మిన ఒక లెగో పెట్టె ఉంది. లెగో అంటే ఒకదానికొకటి బిగించి కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మ. దాని పేరు 'క్లౌడ్ సిటీ'. 'స్టార్ వార్స్' సినిమాలో మబ్బుల మీద తేలే నగరం అది. పెట్టెలో 698 ముక్కలు, ఏడు బుల్లి మనుషుల బొమ్మలు. ఆ ఏడింటిలో ఒకటి బోబా ఫెట్ అనే కిరాయి వేటగాడిది. చేతుల మీదా కాళ్ల మీదా కూడా రంగుల అచ్చు ఉన్న ఆ బొమ్మ ఆ ఒక్క పెట్టెలోనే వచ్చింది. ఇవాళ పెట్టె సంగతి అటుంచితే, బొటనవేలంత ఉండే ఆ బొమ్మ ఒక్కటే వెయ్యి డాలర్ల పైన పలుకుతుంది.

తయారీ ఆగిపోయిన లెగో సెట్లను సీలు తీయకుండా దాచి, కొన్నేళ్లకు లాభానికి అమ్ముకోవడం ఇప్పుడు చాలా దేశాల్లో ఒక పెట్టుబడి మార్గం. దీన్ని ఫలానా రోజున ఫలానా మనిషి కనిపెట్టాడని చెప్పడానికి లేదు. ఒక ఇటుక కొలత, ఒక రకం ప్లాస్టిక్, ఒక తరం పిల్లల వయసు, ఒక కంపెనీ కష్టాలు, ధరలు అందరికీ కనిపించే ఒక సంత. ఇవన్నీ యాభై ఏళ్లలో ఒకదాని మీద ఒకటి చేరి ఈ వ్యాపారాన్ని నిలబెట్టాయి. నా లెక్కలో వీటిలో పునాది ఆ కొలతే.

డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో లెగో కంపెనీని స్థాపించిన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. ఇళ్ల పనులు దొరక్క 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. యుద్ధం ముగిశాక ప్లాస్టిక్ అచ్చుపోసే యంత్రం కొన్నాడు. 1949లో వచ్చిన అతని తొలి ప్లాస్టిక్ ఇటుకలకు నమూనా ఇంగ్లాండువాడైన హిలరీ పేజ్ తయారుచేసిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలు. వాటికి పైన బుడిపెలు ఉండేవి, అడుగు మాత్రం ఖాళీ డొల్ల. ఒకదాని మీద ఒకటి పేర్చడానికి పనికొచ్చేవి గానీ గట్టిగా పట్టుకునేవి కావు. కట్టిన ఇల్లు కాస్త కదిపితే విడిపోయేది.

ఓలే కొడుకు గాడ్‌ఫ్రెడ్ ఈ లోపాన్ని సరిచేశాడు. ఇటుక అడుగున బోలు గొట్టాలు పెట్టించాడు. కింది ఇటుక బుడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. చిన్నపిల్లల చేతికి లొంగేంత తేలికగా విడిపోవాలి, ఆటలో ఊడిపోనంత గట్టిగా పట్టాలి. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని ఎడంలోనే లెగో అంతా ఉంది. 1958 జనవరి 28న, మధ్యాహ్నం 1 గంట 58 నిమిషాలకు, కోపెన్‌హాగన్‌లో దీనికి పేటెంటు దరఖాస్తు పడింది. అదే ఏడాది ఓలే చనిపోయాడు.

ఆ కొలతను కంపెనీ నేటికీ మార్చలేదు. 1958 నాటి ఇటుక ఈ ఏడాది అచ్చులోంచి వచ్చిన ఇటుకకు బిగుస్తుంది. ఇది చదివి దాటేసే విషయం కాదు. మన ఇళ్లలో పాత క్యాసెట్లకు ప్లేయరు లేదు, పాత ఫోనుకు ఛార్జరు లేదు. పనిచెయ్యని వస్తువు పాతబడితే చెత్త అవుతుంది, లేదంటే మ్యూజియానికి వెళుతుంది. పాత లెగో సెట్టు అలా కాదు, ఎన్నేళ్లు గడిచినా కట్టుకోవచ్చు. కొనేవాడికి అది జ్ఞాపకం మాత్రమే కాదు, పని చేసే వస్తువు కూడా. అందుకే దానికి గిరాకీ చావలేదు. 1963లో కంపెనీ పాత ప్లాస్టిక్‌ను వదిలి ఏబీఎస్ అనే రకానికి మారింది. పాతది కాలం గడిచేకొద్దీ వంకర పోయేది. ఏబీఎస్ ఆకారం చెడదు. ఎండ తగలకుండా ఉంచితే దశాబ్దాలు నిలుస్తుంది. దాచిపెట్టుకోదగ్గ వస్తువు అప్పుడు తయారైంది. దాచాలన్న ఆలోచన రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1978లో యెన్స్ నిగార్డ్ క్నుడ్సెన్ అనే డిజైనర్ చేతులు కాళ్లు కదిలే బుల్లి మనిషిని తయారుచేశాడు. పసుపు ముఖం, రెండు చుక్కల కళ్లు, ఒక నవ్వు. దానితోపాటు కోట, అంతరిక్షం, పట్టణం అనే మూడు లోకాలు వచ్చాయి. అంతవరకు ఇటుకలంటే ఏదైనా కట్టుకునే సామాను. ఇప్పుడు పేరూ కథా ఉన్న ప్రత్యేకమైన సెట్లు వచ్చాయి. పసుపు కోట అంటే అదే కోట, ఇంకొకటి కాదు. ఒక వస్తువును గుర్తుపెట్టుకుని అదే కావాలని అడగడం ఇక్కడ మొదలైంది.

ఆ సెట్లతో ఆడిన పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లకు లెగో వదిలేశారు. చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు. ఆ విరామాన్ని లెగో అభిమానులు తమలో తాము 'చీకటి యుగం' అని చెప్పుకుంటారు. 1990ల చివరికి వాళ్ల చేతికి జీతం వచ్చింది, ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది. అమ్మ ఎవరికో ఇచ్చేసిన కోట మళ్లీ కావాలనిపించింది. 1995లో మొదలైన ఈబేలో వెతికితే అది దొరికింది, కానీ పాత ధరకు కాదు. 1999లో లెగో తన చరిత్రలో తొలిసారి బయటి సినిమా హక్కులు కొని 'స్టార్ వార్స్' సెట్లు తెచ్చింది. సినిమా వస్తువులు పోగుచేసే పెద్దవాళ్లు, ఇటుకలతో పెరిగిన పెద్దవాళ్లు ఒకే దుకాణంలో ఎదురుపడ్డారు.

2000లో డాన్ యెజెక్ అనే యువకుడు బ్రిక్‌బే పేరుతో ఒక ఆన్‌లైన్ సంత తెరిచాడు. తర్వాత దాని పేరు బ్రిక్‌లింక్ అయింది. ఈ కథలో రావలసినంత పేరు రాని మనిషి యెజెక్ అని నా అభిప్రాయం. ప్రతి సెట్టుకూ, ప్రతి ముక్కకూ, ఆ ముక్క వచ్చిన ప్రతి రంగుకూ అక్కడ ఒక పద్దు ఉంది. గడిచిన ఆరు నెలల్లో అది ఎన్నిసార్లు, ఎంతకు అమ్ముడుపోయిందో ఎవరైనా చూడొచ్చు. అంతకుముందు పాత సెట్టు ధర అమ్మేవాడి నోటి మాట. ఇప్పుడది పదిమందీ చూసే అంకె. ధర కనబడనంతకాలం అది సరదా. ధర ఏటికేడు పెరుగుతున్నట్టు కళ్లకు కట్టిన రోజున అది పెట్టుబడి. యెజెక్ 2010లో చనిపోయాడు. 2013లో నెక్సాన్ అనే వీడియో గేముల కంపెనీ వ్యవస్థాపకుడైన కొరియా వ్యాపారి కిమ్ జుంగ్-జు సంస్థ ఆ సంతను కొన్నది. 2019లో లెగో కంపెనీయే దాన్ని కొనేసింది. అప్పటికి అందులో పది లక్షలకు పైగా సభ్యులున్నారు. తాను తయారీ ఆపేసిన సరుకు ధర తేలే చోటు ఇవాళ తయారీదారు చేతిలోనే ఉంది.

పాత సెట్లకు గిరాకీ ఉందని కంపెనీకి ముందే తెలుసు. 2001లో 'లెజెండ్స్' పేరుతో కొన్ని పాత సెట్లను మళ్లీ అచ్చుపోసింది. 1991 నాటి మెట్రోలైనర్ రైలు అలా తిరిగి వచ్చింది. కంపెనీ తలచుకుంటే పాతదాన్ని మళ్లీ తేగలదన్న ఆ హెచ్చరికను ఆనాడు ఎంతమంది చెవిన పెట్టారో గానీ, పదహారేళ్ల తర్వాత చాలామందికి అది డబ్బు రూపంలో గుర్తొచ్చింది. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

ఆ మధ్యలో కంపెనీయే మునిగిపోబోయింది. 1998లో తొలిసారి నష్టం చూసింది. వీడియో గేములు వచ్చాయి. కంపెనీ పార్కులు, దుస్తులు, టీవీ కార్యక్రమాలు అంటూ అన్నిటిలో వేలు పెట్టింది. వేల రకాల ముక్కలకు అచ్చులు చేయించి, ఏ ముక్క మీద లాభమో ఏ ముక్క మీద నష్టమో తెలియని స్థితికి వచ్చింది. 2004లో నష్టం 180 కోట్ల డానిష్ క్రోనర్లు దాటింది. ఆ ఏడాది ముప్ఫై అయిదేళ్ల యోర్గెన్ విగ్ క్నుడ్‌స్టోర్ప్ పగ్గాలు పట్టాడు. ముక్కల రకాలను దాదాపు సగానికి తగ్గించాడు, లెగోలాండ్ పార్కులను అమ్మేశాడు, ఇటుక దగ్గరికే తిరిగి వచ్చాడు. పిల్లల బొమ్మల కంపెనీ పెద్దవాళ్ల మాట గట్టిగా వినడం కూడా ఈ రోజుల్లోనే మొదలైంది.

దాని ఫలితం 2007లో దుకాణాలకు వచ్చింది. జేమీ బెరార్డ్ అనే అమెరికన్ తానే ఒక పెద్ద వయసు అభిమాని. కంపెనీ అతన్ని డిజైనర్‌గా తీసుకుంది. అతను చేసిన 'కేఫ్ కార్నర్' వీధి మూల మీద ఉండే పాతకాలపు భవనం. కింద కాఫీ హోటలు, పైన గదులు, 2,056 ముక్కలు, ధర 140 డాలర్ల దగ్గర. పెట్టె మీద సినిమా పేరు లేదు, హీరో లేడు. దానికి ఒక గుణం మాత్రం ఉంది. పక్క గోడకు పిన్నులు పెట్టే చోటు వదిలారు. ఇంకో భవనం వస్తే దాన్ని ఆనించి బిగించవచ్చు. తర్వాత దాదాపు ఏటా ఒక కొత్త భవనం వచ్చింది. పచ్చటి కిరాణా కొట్టు, అగ్నిమాపక కేంద్రం, పెంపుడు జంతువుల దుకాణం, సినిమా హాలు, ఇలా వీధి పెరుగుతూ పోయింది.

ఇప్పుడు 2013లో ఈ వరసలో చేరిన మనిషిని ఊహించండి. అతను సినిమా హాలుకో దుకాణానికో ముచ్చటపడి కొన్నాడు. దాని పక్కన ఇంకొకటి పెట్టాడు. అప్పుడు వీధి మొదట్లో ఒక మూల ఖాళీగా కనిపిస్తుంది. ఆ మూల భవనం 2009లోనే ఆగిపోయింది. వీధి పొడుగైన కొద్దీ ఆ ఖాళీ చూసేవాళ్లు పెరిగారు. పెట్టెలు మాత్రం పెరగలేదు, పైగా విప్పినవి విప్పగా తగ్గాయి. సీలు తీయని కేఫ్ కార్నర్ వెయ్యి డాలర్లు దాటి పోయింది. ఈ వ్యాపారాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ధర పెంచింది అరుదుదనం ఒక్కటే కాదు, తర్వాత వచ్చిన ప్రతి కొత్త సెట్టూ మొదటిదానికి గిరాకీ తెచ్చింది.

అదే 2007లో పెద్ద 'మిలెనియం ఫాల్కన్' ఓడ వచ్చింది. అయిదు వేలకు పైగా ముక్కలు, 500 డాలర్లు. బొమ్మకు అంత ధరా అని అప్పట్లో నోళ్లు వెళ్లబెట్టారు. తయారీ ఆగిన కొన్నేళ్లకు అది వేల డాలర్లకు చేరింది. ఇక అక్కడినుంచి దుకాణాల ముందు ఒక కొత్త రకం కొనుగోలుదారు కనిపించాడు. ఆడుకోవడానికి ఒకటి, అటక మీదికి రెండు.

ఒక సెట్టు 'రిటైర్' కావడమంటే, కంపెనీ దాని తయారీ ఆపడం. సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు అమ్మకంలో ఉంటుంది. కొన్ని పెద్దవి ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. ఆపడానికి కారణాలు మామూలువే. అచ్చుపోసే యంత్రాలు కొత్త సరుకుకు కావాలి, దుకాణం అరల్లో చోటు కావాలి, సినిమా హక్కుల గడువు తీరుతుంది. ధర పెంచడానికి కొరత సృష్టించడం దీని అసలు ఉద్దేశం కాదు. ఈ తేడా ముఖ్యం. ఎందుకంటే 1990ల్లో అమెరికాలో టై వార్నర్ అనే వ్యాపారి బీనీ బేబీస్ అనే మెత్తని బొమ్మలను 'రిటైర్' చేస్తూ జనాన్ని ఊరించాడు. జనం పిల్లల చదువులకని వాటిని కొని దాచారు. 1999లో విడాకులు తీసుకున్న ఒక లాస్ వేగాస్ జంట ఆ బొమ్మలను కోర్టు హాలు నేల మీదే పంచుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ధరలు కుప్పకూలాయి. ఆ బొమ్మలను కొన్నవాళ్లలో చాలామంది అమ్మడానికే కొన్నారు. అందరూ అమ్మకందారులైనప్పుడు కొనేవాడు లేడు. లెగోను చివరికి ఎవరో ఒకరు విప్పి కడతారు. సీలు తీసిన ప్రతి పెట్టె మిగతా పెట్టెలను ఇంకాస్త అరుదు చేస్తుంది. దాచుకునేవాడి లాభం నిజానికి ఆడుకునేవాడి చేతి చలవే.

ఇక తాజ్ మహల్ సంగతి. 2008లో లెగో మన తాజ్ మహల్‌ను 5,922 ముక్కలతో, 300 డాలర్లకు తెచ్చింది. అప్పటివరకు వచ్చిన సెట్లన్నిటిలోకీ ముక్కల సంఖ్యలో అదే పెద్దది. కొంతకాలానికి తయారీ ఆగింది. ఆగ్రా పాలరాతి గుమ్మటం తెల్లటి ప్లాస్టిక్‌లో అంత అందంగా రావడం చూసి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సీలు తీయని పెట్టె రెండు వేల డాలర్లు దాటింది, ఇంకా పైకి వెళ్లింది. లెగో పెట్టుబడి గురించి రాసిన ప్రతివాళ్లూ దీన్నే చూపించేవాళ్లు. 2017 నవంబరులో కంపెనీ అదే తాజ్ మహల్‌ను కొత్త నంబరుతో మళ్లీ అమ్మకానికి పెట్టింది. ముక్కలు 5,923. ఒకే ఒక్కటి ఎక్కువ. ధర 370 డాలర్లు. రెండు వేలకు పైన పెట్టి పాత పెట్టె కొన్నవాళ్ల డబ్బు దాదాపు రాత్రికి రాత్రే ఆవిరైంది. అదే ఏడాది 7,541 ముక్కలతో, 800 డాలర్లకు కొత్త ఫాల్కన్ ఓడ కూడా వచ్చింది. పాత ఓడ ధర దిగింది.

ఊరి చివర ప్లాటు కొని పెట్టుకున్నవాడికి తెలుసు, పక్కనే ఇంకో లేఅవుటు పడితే తన ధర ఏమవుతుందో. ఇక్కడ లేఅవుటు వేసే అధికారం ఒక్క కంపెనీదే. అచ్చులు దానివి, డిజైను దానిది, ఎప్పుడు మళ్లీ తేవాలో నిర్ణయం దానిది. దాచుకున్నవాడికి అందులో మాట లేదు, ఉండాల్సిన పనీ లేదు. తాజ్ మహల్ కట్టుకోవాలని ఏళ్ల తరబడి ఆశపడి, ధర చూసి వెనక్కి తగ్గిన వేలమందికి 2017 పండగే. నేను వాళ్ల పక్షానే ఉన్నాను.

ఇంత జరిగినా లెక్కలు ఈ వ్యాపారానికి అనుకూలంగానే కనిపిస్తాయి. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకురాళ్లు విక్టోరియా డొబ్రిన్‌స్కాయా, జూలియా కిషిలోవా 1987 నుంచి 2015 వరకు లెగో ధరలను పరిశీలించారు. సగటు రాబడి ఏడాదికి కనీసం 11 శాతం, ద్రవ్యోల్బణం తీసేస్తే 8 శాతం అని తేల్చారు. ఆ కాలంలో అది బంగారం కన్నా, పెద్ద కంపెనీల షేర్ల కన్నా మెరుగు. మరీ చిన్న సెట్లు, మరీ పెద్ద సెట్లు ఎక్కువ తెచ్చాయి. పండగ సెట్లు, భవనాలు, సినిమా సెట్లు కూడా. ఈ అధ్యయనం వచ్చాక 'బంగారం కన్నా లెగో మేలు' అన్న మాట ప్రపంచమంతా తిరిగింది.

సగటు చూసి దిగేవాడు కొన్ని సంగతులు పక్కన రాసుకోవాలి. బంగారం గొలుసు అరచేతిలో పడుతుంది, వంద లెగో పెట్టెలకు ఒక గది కావాలి. ఆ గదికి అద్దె ఉంది, చెమ్మ ఉంది, ఎలుక ఉంది. పెట్టె మూల నలిగితే ధర తగ్గుతుంది, సీలు చినిగితే ఇంకా తగ్గుతుంది. అమ్మేటప్పుడు ఆన్‌లైన్ సంతకు కమీషను, పార్సిలుకు ఖర్చు. బంగారం ఏ దుకాణంలోనైనా ఆ రోజే మారుతుంది. లెగో పెట్టె అదే కావాలన్న మనిషి కోసం కాచుకోవాలి. పైగా తయారీ ఆగిన మర్నాడే ధర లేవదు. దుకాణాల్లో మిగిలిన సరుకు, మీలాగే దాచినవాళ్ల సరుకు ముందు ఖాళీ కావాలి. దానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. అసలు లేవని సెట్లూ చాలా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ కథలు చెప్పరు.

ధర ఉన్నచోటికి దొంగ వస్తాడు. 2012లో కాలిఫోర్నియాలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ ఉపాధ్యక్షుడు దొరికాడు. ఇంట్లో ముద్రించుకున్న బార్‌కోడ్‌లను దుకాణంలో లెగో పెట్టెల మీద అంటించి, తక్కువ ధరకు కొని, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. 2020లో పారిస్ చుట్టుపక్కల బొమ్మల దుకాణాలను దోస్తున్న ముఠాను ఫ్రెంచి పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల గురి పోగుచేసేవాళ్లు కోరే లెగో సెట్ల మీదే. మరోవైపు చైనాలో లెపిన్ పేరుతో ఒక సంస్థ తయారీ ఆగిన ఖరీదైన సెట్లను ముక్కకు ముక్క నకలు చేసింది. కేఫ్ కార్నర్, తాజ్ మహల్ కూడా అందులో ఉన్నాయి. 2019లో షాంఘై పోలీసులు ఆ స్థావరాల మీద దాడి చేసి ఆరు లక్షల ముప్ఫై వేలకు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకున్నారు. నకలు పట్టుబడినా దాని నీడ పోలేదు. పాత సెట్టు కొనేవాడు ఇప్పుడు ప్రతి బుడిపె మీదా లెగో పేరు ఉందో లేదో చూసి కొనాలి.

మన దేశంలో ఈ వ్యాపారం ఎందుకు వేళ్లూనలేదో చెప్పడం కష్టం కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 వరకు 20 శాతం ఉండేది. ఆ ఏడాది బడ్జెట్‌లో 60 అయింది, 2023లో 70 అయింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అమెరికాలో దుకాణం ధరకు కొన్నవాడికి వచ్చే లాభం హైదరాబాదులో కొన్నవాడికి మొదటి రోజే సుంకంలో పోతుంది. బయటి దేశాలకు పెట్టె పంపాలంటే పార్సిలు ఖర్చు మిగిలినదాన్ని తినేస్తుంది. కాబట్టి వీడియోల్లో చూసి అప్పు తెచ్చి లెగో పెట్టెలు దాచాలనుకునేవాళ్లకు నా మాట ఒక్కటే: వద్దు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకైతే లెక్క వేరు. అక్కడ కూడా, అమ్ముడుపోకపోతే విప్పి పిల్లలతో కూర్చుని కట్టుకోవడానికి ఇష్టమయ్యే సెట్టే కొనండి. ధర పడిపోయినా ఆ డబ్బు దండగ కాదు.

ఇప్పటికే ఇంట్లో లెగో ఉన్నవాళ్లకు మాత్రం ఒక విన్నపం. పిల్లలు పెద్దవాళ్లయ్యారని డబ్బా మొత్తం పాత సామాన్లవాడికి వెయ్యకండి. కట్టే విధానం చూపించే పుస్తకాలు దాచండి, వాటికే విడిగా ధర ఉంది. బుల్లి మనుషులను వాళ్ల టోపీలతో, కత్తులతో సహా వేరే డబ్బీలో పెట్టండి. పుస్తకం మీద ఉన్న సెట్టు నంబరును బ్రిక్‌లింక్‌లో కొట్టి చూడండి, గత ఆరు నెలల్లో అది ఎంతకు పోయిందో అక్కడే ఉంటుంది. అమ్మాలా, మనవల కోసం ఉంచాలా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.